కూచిపూడి నుంచి కోడంబాకం దాకా: వేదాంతం రాఘవయ్య

మన కాలేజీలో ఎవడైనా నాలుగు రోజులు గడ్డం గీయకపోతే వాడి పేరు దేవదాసు. అమ్మాయి కాదంటే దేవదాసు, ప్లేస్‌మెంట్ పోతే దేవదాసు, ఆఖరికి ఎమ్-3 బ్యాక్‌లాగ్ మిగిలినా దేవదాసే. 1953లో వచ్చిన సినిమా ఇంకా మన హాస్టల్ కారిడార్లలో తిరుగుతోందంటే మామూలు విషయం కాదు. అందులో అక్కినేని అందరికీ తెలుసు. సావిత్రి తెలుసు, మహానటి వచ్చాక మన బ్యాచ్‌కి ఇంకా బాగా తెలుసు. సినిమా తీసినాయన పేరు అడిగితే మాత్రం చాలామంది తల గోక్కుంటారు.

ఆయన పేరు వేదాంతం రాఘవయ్య. 1919లో కూచిపూడిలో పుట్టారు. మన విజయవాడ నుంచి పామర్రు మీదుగా చల్లపల్లి వెళ్ళే బస్సెక్కితే గంటన్నరలో దిగిపోయే ఊరు. సినిమాల్లోకి రాకముందు ఆయన కాలికి గజ్జె కట్టి ఆడిన భాగవతుడు. తర్వాత సినిమాలకు డాన్స్ నేర్పిన మాస్టర్. ఆ తర్వాతే డైరెక్టర్. ఈ మూడూ వేర్వేరు ఉద్యోగాల్లా కనిపిస్తాయి గానీ, ఆయన సినిమాలు ఒక్కొక్కటీ చూస్తూ పోతే చివరిదాకా చేసింది ఒకటే పనేమో అనిపించింది నాకు. నేర్చుకున్న విద్య ఒకటి, జీతం ఇచ్చే పని ఇంకొకటి అయినప్పుడు ఆ మొదటిది ఏమవుతుంది? ఇది మనలో సగం మందికి నాలుగో సంవత్సరంలో ఎదురయ్యే ప్రశ్నే. అందుకే ఈయన మీద రాయాలనిపించింది.

ముందు ఊరి సంగతి. కూచిపూడి అంటే మనకి ఒక డాన్స్ పేరు. అది ఒక ఊరని, ఆ ఊళ్ళో కొన్ని ఇళ్ళవాళ్ళకి ఆట ఆడటమే వంశపారంపర్య వృత్తి అని చాలామందికి తట్టదు. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల. ఈ ఇంటిపేర్లే మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి. గోల్కొండ నవాబు తానీషా వీళ్ళ ఆట చూసి ముచ్చటపడి ఊరినే రాసిచ్చాడని చెప్పుకుంటారు. 1763లో ఆ భూముల్ని ఆ కుటుంబాల మధ్య పంచుకున్న పత్రం ఒకటి ఉంది. అంటే ఆట వాళ్ళకి హాబీ కాదు, భూమి హక్కుతో ముడిపడిన బాధ్యత. ఈ ఇళ్ళలో మగపిల్లాడు పుడితే వాడు ఏమవుతాడన్న చర్చే ఉండేది కాదు. ఎంసెట్ కౌన్సెలింగ్ లాంటి తలనొప్పులు లేవన్నమాట, ఆప్షన్ ఒక్కటే.

ఆ ఆప్షన్ అంత తేలికేం కాదు. అయిదారేళ్ళ వయసులో మొదలుపెట్టేవాళ్ళు. తెల్లవారకముందే లేవాలి. గురువుగారి ఇంటి అరుగు మీదో, వసారాలోనో నిలబడాలి. ఆయన కర్రతో తాళం కొడుతుంటే మొదట అడుగులు, తర్వాత జతులు, తర్వాత శబ్దాలు. అడుగు వేసేటప్పుడు సగం కూర్చున్న భంగిమలోనే ఉండాలి, మోకాళ్ళు లాగేసినా లేవకూడదు. ఇది శరీరానికి సంబంధించిన సగం. మిగతా సగం నోటికి సంబంధించింది. కూచిపూడి భాగవతంలో వేషధారి తన దరువు తనే పాడుకోవాలి, మాటలూ తనే చెప్పాలి. అందుకని సంగీతం కావాలి, పద్యం స్పష్టంగా చెప్పడం కావాలి, కొంత సంస్కృతం కావాలి. పాట పాడుతూ, ఆడుతూ, ఆయాసం కనపడకుండా ముఖంలో భావం చూపించాలి. మనం రెండు ఫ్లోర్లు మెట్లెక్కి క్లాసులో అటెండెన్స్ పలకడానికే రొప్పుతాం.

ఇంకో విషయం ఉంది, అదే ఈ కథకి కీలకం. ఆ మేళాల్లో ఆడవాళ్ళు లేరు. సత్యభామ, ఉష, లీలావతి, శశిరేఖ, ఎవరైనా సరే మగవాళ్ళే కట్టాలి. సిద్ధేంద్రయోగి రాసిన భామాకలాపంలో సత్యభామ వేషం జీవితంలో ఒక్కసారైనా కట్టాలన్నది ఆ ఊరి మగపిల్లలందరికీ ఉన్న నియమం. దాన్ని మొక్కు లాగా పాటించారు. సత్యభామ వేషం అంటే చీర చుట్టుకుని సన్నగా మాట్లాడటం కాదు. ఆమె రాక తెరతోనే మొదలవుతుంది. ఇద్దరు తెర పట్టుకుంటారు, వెనక సత్యభామ నిలబడుతుంది, ముందు ఆమె జడ మాత్రం తెర మీదుగా ఇవతలికి వచ్చి పడుతుంది. నాతో విద్యలో పోటీ పడగలిగితే రండి అని సభకి విసిరే సవాలు అది. ఓడిపోతే ఆ జడ కోసి ఇచ్చేయాలని సంప్రదాయం. దివిటీల మీద గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గున లేస్తుంది, ఆ వెలుగులో తెర దిగుతుంది. ఇప్పటి హీరో ఇంట్రో సీన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైందా?

రాఘవయ్య ఈ శిక్షణలోంచి వచ్చారు. చిన్నతనంలోనే మేళాల్లో ఆడి, స్త్రీ వేషాలకి పేరు తెచ్చుకున్నారు. స్త్రీ వేషం బాగా కట్టాలంటే ఆడవాళ్ళని గమనించాలి. బిందె ఎత్తుకునేటప్పుడు నడుము ఎటు వంగుతుంది, అలిగినప్పుడు చూపు ఎక్కడ ఆగుతుంది, సిగ్గుకీ భయానికీ మెడ తిప్పడంలో తేడా ఏంటి. పుట్టుకతో రానిదాన్ని చూసి, విడదీసి, మళ్ళీ కూర్చుకోవాలి. ఒక మెషీన్‌ని విప్పి తిరిగి బిగించినవాడికి అది ఎలా పనిచేస్తుందో, రోజూ దాన్ని వాడేవాడికన్నా బాగా తెలుస్తుంది కదా, అలాగ. ఈ తెలివి తర్వాత ఆయనకి ఎక్కడ పనికొచ్చిందో చూద్దాం.

రాఘవయ్య ఎదిగే రోజుల్లోనే ఆట కింద నేల కదలడం మొదలైంది. మేళాలు ఏడాదిలో కొన్ని నెలలు డెల్టా ఊళ్ళు తిరుగుతూ, రాత్రంతా ఆడి, ఊరివాళ్ళిచ్చిన ధాన్యం, బట్టలు, సంభావనలతో బతికేవి. అటు విజయవాడలో 1921లోనే మారుతి సినిమా హాలు వచ్చేసింది. 1932లో తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వచ్చింది. చూడండి విచిత్రం, కూచిపూడి వాళ్ళు తరతరాలుగా ఆడే ప్రహ్లాద కథే తెర మీద మాట్లాడటం మొదలెట్టింది. మధ్యలో నాటక కంపెనీల హార్మోనియం, రంగుల తెరలు ఉండనే ఉన్నాయి. రాత్రంతా మేలుకుని భామాకలాపం చూసే జనం తగ్గుతుంటే, పదిహేనేళ్ళు కష్టపడి నేర్చుకున్న కుర్రాడు ఏం చేయాలి?

జవాబు పక్క ఊరి వైపు నుంచే వచ్చింది. చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ డబ్బు పెట్టిన సారథి ఫిలిమ్స్ కింద గూడవల్లి రామబ్రహ్మం సినిమాలు తీస్తున్నారు. 1938లో మాలపిల్ల, 1939లో రైతుబిడ్డ. జమీందారు డబ్బుతో జమీందారీ వ్యవస్థకి వ్యతిరేకంగా తీసిన సినిమా రైతుబిడ్డ. వెంకటగిరి, బొబ్బిలి జమీందార్లు దాని మీద కన్నెర్ర చేశారు, సినిమా చిక్కుల్లో పడింది. రాజకీయంగా అంత గొడవైన సినిమాలో ఇరవై ఏళ్ళ రాఘవయ్య కూచిపూడి నృత్యం చేశారు. రామబ్రహ్మం మన కృష్ణా జిల్లా మనిషి, ఇక్కడి పల్లె ఆటపాటల మీద మమకారం ఉన్నవాడు. రైతుల సినిమాలో పల్లెల్లో ఆడే ఆట ఉండాలని ఆయనకి తోచడం ఆశ్చర్యమేమీ కాదు. అరుగు మీద మొదలైన ఆట కెమెరా ముందుకొచ్చింది. రాఘవయ్య దారి మద్రాసు వైపు తిరిగింది.

1940ల్లో ఆయన పని నృత్యదర్శకత్వం. బి.ఎన్. రెడ్డి తీసిన స్వర్గసీమ (1945), భరణీ వారి లైలా మజ్ను (1949) లాంటి సినిమాలకి నాట్యాలు కూర్చారు. నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన దశ ఇదే. అందరూ దేవదాసు గురించి రాసి దీన్ని రెండు లైన్లలో దాటేస్తారు.

ఎందుకంటే, కూచిపూడి మేళంలో ఆడపిల్లకి చోటు లేని రోజుల్లో, సినిమాలో డాన్స్ అంటే ఆడపిల్లే. స్వర్గసీమలో భానుమతిది రంగస్థల నర్తకి పాత్ర. తెర మీద ఆమె నర్తకి అనిపించాలి. నేర్పేది ఎవరు? చిన్నప్పుడు ఆడవేషం కట్టి ఆడిన మగవాడు. అతను ఆడవాళ్ళని చూసి నేర్చుకున్నదాన్ని మళ్ళీ ఒక ఆడమనిషికి తిరిగి నేర్పించాలి. ఊళ్ళో ఎవరూ తీర్మానం చేయకుండానే, పెద్దల అనుమతులేవీ లేకుండానే, కూచిపూడి అభినయం ఆడవాళ్ళ ఒంట్లోకి ఇలా కూడా వెళ్ళింది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి లాంటి గురువులు స్త్రీలకి నాట్యం నేర్పి దారి వేశారని పుస్తకాల్లో ఉంటుంది, అది నిజమే. దానికి పక్కనే స్టూడియో ఫ్లోర్ల మీద జరిగిన పాఠాల్ని మాత్రం ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోరు.

అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్తా, ఇది రాఘవయ్య గారిది కాదు, ఆయన ఊరివాడైన పసుమర్తి కృష్ణమూర్తి గారిది. పాతాళభైరవి, మాయాబజార్‌లకి నృత్యదర్శకుడు ఆయనే. మాయాబజార్‌లో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నప్పుడు సావిత్రి ఆడే ఆట గుర్తు తెచ్చుకోండి. ఒక అమ్మాయి, అమ్మాయి వేషంలో ఉన్న మగవాడిగా నటిస్తోంది. మధ్యమధ్యలో రాక్షసుడి అడుగు పడిపోతుంది, వెంటనే సర్దుకుంటుంది. దాన్ని కూర్చినాయన మగవాళ్ళు శశిరేఖలుగా ఆడే ఊరి నుంచి వచ్చాడని తెలిశాక నేను ఆ పాట మళ్ళీ పెట్టుకుని చూశాను. అప్పటిదాకా కామెడీ అనుకున్నది చాలా లోతైన పనితనం అనిపించింది.

సరే, రాఘవయ్య గారి దగ్గరికి వద్దాం. స్టేజీ నుంచి స్టూడియోకి మారితే ఏం మారుతుంది? మన భాషలో లెక్కేద్దాం. 35 ఎంఎం ఫిల్మ్ సెకనుకి 24 ఫ్రేములు నడిస్తే నిమిషానికి 90 అడుగులు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ముడి ఫిల్మ్ కొరత వల్ల సినిమా నిడివి 11,000 అడుగులు దాటకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. అంటే సుమారు రెండు గంటలు. అందులో కథ, పాటలు, హాస్యం అన్నీ ఉండాలి. గ్రామఫోన్ రికార్డుకి ఒక పక్క పట్టేది మూడు నిమిషాల చిల్లర. మూడు నిమిషాల నాట్యం అంటే 270 అడుగులు. రాత్రంతా సాగే కలాపంలో ఒక్క సత్యభామ జడ గురించిన వర్ణనకే చాలని నిడివి అది!

పైగా స్టేజీ మీద ఆట మొదలైతే ఆగదు. సినిమాలో ముక్కలు ముక్కలు. ఒక చరణం ఇవాళ, ఇంకోటి వారం తర్వాత. క్లోజప్ పెడితే పాదాలు కనపడవు, పాదాలు చూపిస్తే కళ్ళు కనపడవు. అభినయదర్పణంలో చెయ్యి ఎటు పోతే చూపు అటు, చూపు ఎటు పోతే మనసు అటు అంటారు కదా, కెమెరా వచ్చి ఆ మూడింటినీ కోసి వేర్వేరు షాట్లలో పెట్టింది. పాట ముందే ఎవరో పాడి రికార్డు చేసి ఉంటుంది, నర్తకి పెదవులు కదపాలి. తన దరువు తనే పాడుకోవాలన్న నియమంలో పెరిగిన మనిషికి ఇది ఎలా అనిపించి ఉంటుంది? ఫిల్మ్ ఖరీదు కాబట్టి రిహార్సల్స్ మాత్రం బాగా ఉండేవి, అదొక్కటే ఊళ్ళో సాధనని గుర్తుచేసే సంగతి అయ్యుంటుంది. ఏది ముఖం మీద చూపించాలి, ఏది పాదం మీద చూపించాలి, ఎక్కడ కోసినా భావం తెగకుండా ఎలా ఉంచాలి అని రోజూ తేల్చుకోవడమే ఆ పని. నిజం చెప్పాలంటే డైరెక్టర్ పని కూడా అదే. ఆయనకి ఫిల్మ్ స్కూల్ అక్కర్లేకపోయింది.

1950 ప్రాంతంలో నలుగురు కలిశారు. నిర్మాత డి.ఎల్. నారాయణ, రచయిత సముద్రాల, సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్, నృత్యదర్శకుడు రాఘవయ్య. సంస్థ పేరు వినోదా. మొదటి సినిమా 1951లో స్త్రీ సాహసం, దర్శకుడు రాఘవయ్యే. నాకు ఇది మేళం పద్ధతిలాగే కనిపిస్తుంది. పాట రాసేవాడు, పాట కట్టేవాడు, ఆట కూర్చేవాడు, మేళాన్ని నడిపేవాడు ఒకచోట చేరడం. 1952లో శాంతి తీశారు, ఆడలేదు. అప్పటికే దేవదాసు మాట నడుస్తోంది. శరత్ నవల, ముందే బెంగాలీలో, హిందీలో వచ్చేసిన కథ. తాగి తాగి చచ్చిపోయే హీరో. జానపదాల్లో కత్తి తిప్పే అక్కినేని ఆ పాత్రకి ఏం సరిపోతాడని చాలామంది పెదవి విరిచారు. ఆ మధ్యలోనే, 1952లో, సుబ్బరామన్ చనిపోయారు. మిగిలిన సంగీతం ఆయన శిష్యులు విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. ఇన్ని అడ్డంకుల మధ్య 1953 జూన్‌లో సినిమా విడుదలైంది. తర్వాతి సంగతి మీకు తెలిసిందే.

నేను దేవదాసు మొదటిసారి చూసినప్పుడు స్లోగా ఉందనిపించింది. 1.5 ఎక్స్ స్పీడ్‌లో పెట్టాను కూడా. రాఘవయ్య గారి నేపథ్యం తెలిశాక మళ్ళీ చూస్తే ఆ స్లోనెస్ వేరేగా కనిపించింది. అందులో పెద్దగా జరిగేదేమీ లేదు, ఎదురుచూడటం తప్ప. భామాకలాపంలోనూ అంతే. కృష్ణుడు అలిగి వెళ్ళిపోయాడు, సత్యభామ ఎదురుచూస్తోంది, మాధవిని దూతగా పంపుతోంది, తిడుతోంది, బతిమాలుతోంది, మళ్ళీ ఎదురుచూస్తోంది. కథగా చెబితే నాలుగు వాక్యాలు, ఆడితే ఒక రాత్రి. విరహాన్ని సాగదీసి, అందులోని ఒక్కో పొరా విప్పి చూపడం చిన్నప్పటి నుంచి ఆయన చేసిన పని. దేవదాసులో తేడా ఒక్కటే, విరహం పడేది మగవాడు.

ఆ మగవాడు ఎవరు? అక్కినేని నాగేశ్వరరావు. గుడివాడ దగ్గరి రామాపురం. నాటకాల్లో ఆడవేషాలతో పేరు తెచ్చుకుని సినిమాకి వచ్చినవాడు. అంటే తెలుగులో మగవాడి భగ్నప్రేమకి చిరునామాగా మిగిలిన సినిమాని తీసినవాడూ, ఆడినవాడూ ఇద్దరూ చిన్నప్పుడు ఆడవేషం కట్టినవాళ్ళే. ఇద్దరివీ కృష్ణా డెల్టా ఊళ్ళే. ఇది యాదృచ్ఛికం అనుకోవచ్చు. నేనైతే అనుకోను. ఏడుపుని అరుపుగా కాకుండా కనురెప్పల బరువుగా చూపించడం, నిలబడ్డ తీరులోనే ఓటమి చూపించడం, ఇవి కత్తియుద్ధాల హీరోయిజం నుంచి వచ్చేవి కావు. తాగిన సీన్లు చాలావరకు రాత్రిళ్ళు తీశారని, కడుపునిండా భోజనం పెట్టించి నిద్ర ముంచుకొచ్చే వేళకి కెమెరా ముందు నిలబెట్టేవారని అక్కినేని తర్వాత రోజుల్లో చెప్పుకునేవారు. రాత్రి ఏ ఝాముకి మనిషి ముఖం ఎలా మారుతుందో భాగవతుడికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

పార్వతిగా వేసిన సావిత్రికి అప్పటికి ఇరవై కూడా నిండలేదు. ఆమె విజయవాడలో శిష్ట్లా పూర్ణయ్య శాస్త్రి గారి దగ్గర నాట్యం నేర్చుకుంది. చంద్రముఖి వేసిన లలిత తిరువాన్కూరు సోదరీమణుల్లో పెద్దావిడ, పేరున్న నర్తకి. ఇంతమంది ఆట తెలిసినవాళ్ళని పెట్టుకుని కూడా డాన్సుల సినిమా తీయకపోవడం రాఘవయ్య గొప్పతనం. అందరి దగ్గరా ఆటని దాచిపెట్టి, దాని వెనకున్న నిలకడని మాత్రం వాడుకున్నారు.

ఆ తర్వాత సినిమాల్లో మాత్రం ఆట పైకి తన్నుకొచ్చింది. అంజలీ దేవి సొంత సంస్థకి 1955లో అనార్కలి, 1957లో సువర్ణసుందరి తీశారు. మొదటి దాంట్లో హీరోయిన్ దర్బారు నర్తకి, రెండో దాంట్లో ఇంద్రసభ నుంచి భూమ్మీదికి వచ్చే అప్సరస. సువర్ణసుందరి తమిళంలో, హిందీలో కూడా తీశారు. దేశమంతా ఆదినారాయణరావు పాటలు మోగిపోయాయి. మధ్యలో చిరంజీవులు, భలే రాముడు. అన్నీ గొప్ప సినిమాలని చెప్పను. 1959 నాటి బాలనాగమ్మ నేను సగంలో ఆపేశాను, మాయలూ మంత్రాలూ ఒకదాని మీద ఒకటి పడిపోయి ఊపిరి ఆడదు. స్వర్ణమంజరి (1962) కూడా పాత ఫార్ములానే. చేతినిండా పని ఉన్నవాడికి ప్రతిసారీ దేవదాసు కుదరదు.

సరిగ్గా ఈ రోజుల్లోనే కూచిపూడి గురించి ఇంకో పోరాటం నడుస్తోంది. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నృత్య సదస్సు పెట్టింది. కూచిపూడి శాస్త్రీయ నృత్యమా కాదా అన్న విషయంలో తెలుగువాళ్ళు నొచ్చుకునే పరిస్థితి వచ్చింది. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో సదస్సు పెట్టి, ఇది శాస్త్రీయమేనని పండితులు వాదించారు. ఏలూరు లాయరు, నటుడు బందా కనకలింగేశ్వరరావు లాంటి పెద్దలు పూనుకుని కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం నిలబెట్టారు. చింతా కృష్ణమూర్తి గారు ఊళ్ళోనే ఉండి మేళాన్ని కాపాడారు. రాఘవయ్యకన్నా పదేళ్ళు చిన్నవాడైన వెంపటి చినసత్యం కూడా మద్రాసు వచ్చి, అన్న వరసైన పెదసత్యం దగ్గర సినిమా నాట్యాలకి పనిచేసి, చివరికి అది వదిలేసి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టుకున్నారు. ఈరోజు ప్రపంచంలో ఎక్కడ కూచిపూడి కనిపించినా అందులో చినసత్యం గారి ముద్ర ఉంటుంది.

ఒకే ఊరు, ఒకే శిక్షణ. ఒకరు ఊళ్ళో ఉండిపోయారు, ఒకరు సినిమా నుంచి వెనక్కి మళ్ళి గురువయ్యారు, ఒకరు సినిమాలోనే ఉండిపోయారు. చరిత్ర రాసేటప్పుడు మొదటి ఇద్దరూ నాట్యం పుస్తకంలోకి ఎక్కారు, మూడో ఆయన సినిమా పుస్తకంలోకి. శాస్త్రీయం అని నిరూపించుకోవాల్సిన అవసరం ఉన్నప్పుడు సినిమావాళ్ళని కాస్త పక్కన పెట్టడం అర్థం చేసుకోదగ్గదే. కానీ మన డెల్టా పల్లెల్లో భాగవతం ఎప్పుడూ చూడని లక్షలమంది మొదటిసారి ఆ ఊరి అభినయం చూసింది టూరింగ్ టాకీస్‌లో నేల టిక్కెట్టు కొనుక్కునే. ఆ లెక్క ఎవరి ఖాతాలో వేయాలి?

ఇంటి విషయం రెండు ముక్కలు. ఆయన భార్య సూర్యప్రభ కూడా నటి, అలనాటి తార పుష్పవల్లికి చెల్లెలు. పుష్పవల్లి కూతురే హిందీ సినిమా రేఖ. మన క్విజ్ క్లబ్ వాళ్ళు రాసుకోండి, పనికొస్తుంది.

1967లో రహస్యం వచ్చింది. లవకుశ తీసిన లలితా శివజ్యోతి వారి సినిమా. నాగేశ్వరరావు, సరోజాదేవి హీరోహీరోయిన్లు, సంగీతం ఘంటసాల. డబ్బు బాగా పోసి తీశారు, సినిమా పోయింది. కథ అర్థం కాదని అప్పట్లోనే అన్నారట, నిజంగానే అర్థం కాదు, నేను రెండుసార్లు ప్రయత్నించాను. కానీ అందులో గిరిజా కల్యాణం అనే యక్షగానం ఉంది. రాసింది మల్లాది రామకృష్ణశాస్త్రి, సినిమా రాకముందే 1965లో ఆయన పోయారు. తపస్సులో ఉన్న శివుడు, సేవ చేసే పార్వతి, బాణం వేసి బూడిదైపోయే మన్మథుడు, రతి ఏడుపు, చివరికి పెళ్ళి. పాత్రలు ప్రవేశ దరువులతో వస్తాయి, కథ పాటల్లో, పద్యాల్లో, మాటల్లో నడుస్తుంది, అచ్చం భాగవతం పద్ధతిలో. మూడు నిమిషాల 270 అడుగుల లెక్క ఇక్కడ పనిచేయలేదు. కెమెరా కూడా చాలాచోట్ల దూరంగా నిలబడి మనిషిని తల నుంచి పాదం దాకా చూస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళు సినిమాకి తగ్గట్టు ఆటని కోస్తూ వచ్చిన మనిషి, ఒక్కచోట ఆటకి తగ్గట్టు సినిమాని ఆపాడనిపించింది నాకు.

1969లో కాంతారావుతో సప్తస్వరాలు తీశారు. 1971లో రాఘవయ్య చనిపోయారు. అప్పటికి ఆయనకి యాభై దాటాయి అంతే.

రహస్యం ఇప్పుడు ఎవరూ చూడరు. గిరిజా కల్యాణాన్ని మాత్రం కూచిపూడి నేర్చుకునేవాళ్ళు ఆ సినిమా ఆడియో పెట్టుకునే స్టేజీల మీద ఆడుతున్నారు. యూట్యూబ్‌లో వెతికితే అమెరికాలో తెలుగు సంఘాల వేడుకల్లో చేసినవి కూడా దొరుకుతాయి. వాటిలో శివుడు, మన్మథుడు, రతి అన్ని వేషాలూ అమ్మాయిలే కడుతున్నారు.